అవుట్‌బ్యాక్‌లో ఒంటరి సైకిల్ యాత్ర

ఆస్ట్రేలియా ఖండం లోపలి భాగంలో పరుచుకున్న ఎడారులు, అర్ధ ఎడారులు, గడ్డి మైదానాలను కలిపి అవుట్‌బ్యాక్ అంటారు. వెంట మోటారు వాహనం గానీ సహాయ బృందం గానీ లేకుండా, తిండి, నీళ్లు, గుడారం, పనిముట్లు అన్నీ సైకిల్ మీదే మోసుకుంటూ ఒక్కరే ఈ ప్రాంతాన్ని దాటడాన్ని ఒంటరి సైకిల్ యాత్రగా చెప్పుకోవచ్చు. 1890ల నాటి నుంచి ఈ యాత్రలు సాగుతున్నాయి. మొత్తం దూరం ఎన్ని వేల కిలోమీటర్లైనా, యాత్రికుల లెక్కంతా నీళ్లు దొరికే ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఉన్న ఎడం చుట్టూనే తిరుగుతుంది. ఏ దారిన వెళ్లాలి, ఏ నెలలో బయలుదేరాలి, ఎంత బరువు మోయాలి, రోజుకు ఎంత తొక్కాలి అన్నవన్నీ ఆ ఎడాన్ని బట్టే తేలతాయి.

భూమి, వాతావరణం

ఆస్ట్రేలియా విస్తీర్ణం సుమారు 76.9 లక్షల చదరపు కి.మీ. అంటే భారతదేశానికి రెండింతలకు పైమాటే. జనంలో అత్యధికులు తీరప్రాంత నగరాల్లో ఉంటారు. లోపలి భాగంలో చాలాచోట్ల ఏడాదికి 250 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. అక్కడ వేసవి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు. ఆ నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. 1960 జనవరి 2న దక్షిణ ఆస్ట్రేలియాలోని ఊడ్నడాటాలో 50.7 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. 2022 జనవరి 13న పశ్చిమ తీరంలోని ఆన్‌స్లోలోనూ అంతే ఉష్ణోగ్రత నమోదైంది.

అందుకే సైకిల్ యాత్రలకు మే నుంచి ఆగస్టు వరకు ఉండే చలికాలాన్ని ఎంచుకుంటారు. అప్పుడు మధ్య ఆస్ట్రేలియాలో పగటి ఎండ హాయిగా ఉన్నా, ఆలిస్ స్ప్రింగ్స్ పరిసరాల్లో రాత్రి చలి సున్నా కిందికి దిగుతుంది. సీసాల్లో నీళ్లు గడ్డకట్టిన తెల్లవారుజాములు యాత్రికులకు కొత్త కాదు. ఉత్తర భాగంలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానాకాలం. మట్టి రోడ్లు మునిగిపోయి వారాల తరబడి మూతపడతాయి.

ఎండ తర్వాత పట్టించుకోవలసింది గాలిని. ఆ మైదానాల్లో గాలిని ఆపే చెట్టూ కొండా లేవు. రోజంతా ఎదురుగాలి వీస్తే వంద కిలోమీటర్ల దూరం రెండు రోజుల పని అవుతుంది, అప్పుడు రెండు రోజుల నీళ్లు కావాలి. దక్షిణ తీరంలో చలికాలంలో పడమటి గాలులు ఎక్కువ కాబట్టి పెర్త్ వైపు నుంచి తూర్పుకు తొక్కేవారు చాలామంది. మధ్య, ఉత్తర ప్రాంతాల్లో అదే కాలంలో ఆగ్నేయ గాలులు వీస్తాయి. దక్షిణం నుంచి డార్విన్ వైపు వెళ్లేవారికి అవి వెన్నుదన్ను.

చరిత్ర

ఈ యాత్రలకు బీజం పడింది బంగారు గనుల దగ్గర. 1892లో కూల్‌గార్డీలో, మరుసటి ఏడాది కాల్‌గూర్లీలో బంగారం బయటపడింది. గుర్రానికి గడ్డీ నీళ్లూ దొరకని ఆ చోట సైకిల్ చవకైన వాహనంగా నిలిచింది. గనుల మధ్య ఉత్తరాలు, తంతి వార్తలు చేరవేసేందుకు సైకిల్ దూతలు పుట్టుకొచ్చారు. వాళ్లు తొక్కిన బాటల్లో చాలా వరకు ఒంటెల నడకతో ఏర్పడినవి. మెత్తటి ఒంటె పాదాలు ఒకే వరసలో నడిచి నడిచి ఇసుకనేలను గట్టి కాలిబాటగా అణచేవి. సైకిల్ చక్రానికి సరిగ్గా సరిపోయే దారి అది. ఆ ఒంటెలను తోలినవారు అఫ్గానిస్తాన్ నుంచి, నాటి బ్రిటిష్ ఇండియా వాయవ్య ప్రాంతాల నుంచి వలస వెళ్లినవారు. స్థానికులు అందరినీ కలిపి అఫ్గాన్లు అని పిలిచేవారు. అవుట్‌బ్యాక్ తొలి సైకిల్ దారుల కింద మన ఉపఖండపు మనుషుల శ్రమ ఉందని గుర్తుంచుకోవాలి.

1896లో ఆర్థర్ రిచర్డ్‌సన్ కూల్‌గార్డీ నుంచి అడిలైడ్‌కు నల్లార్‌బర్ మైదానం మీదుగా 31 రోజుల్లో చేరుకున్నారు. 1897లో జెరోమ్ మ్యూరిఫ్ దక్షిణాన అడిలైడ్ నుంచి ఉత్తరాన డార్విన్ దాకా ఖండాన్ని సైకిల్ మీద నిలువునా దాటిన తొలి వ్యక్తి అయ్యారు. ఆ దారిలో ఆయనకు ఆధారం 1872లో పూర్తయిన తంతి లైను. దాని వెంట ఉన్న తంతి స్టేషన్లలోనే తిండి, నీళ్లు, మనిషి పలకరింపు దొరికేవి. 1899 జూన్ 5న రిచర్డ్‌సన్ పెర్త్‌లో బయలుదేరి, ఖండం చుట్టూ తిరిగి 1900 ఫిబ్రవరి 4న మళ్లీ అక్కడికే చేరారు. సైకిల్ మీద ఆస్ట్రేలియాను చుట్టి వచ్చిన మొదటి మనిషి ఆయనే. దాదాపు అదే సమయంలో డోనాల్డ్ మెకే, ఫ్రాంక్ వైట్, అలెక్స్ వైట్ జట్టుగా ఆ ప్రదక్షిణ పూర్తిచేశారు.

ఫ్రాన్సిస్ బర్టిల్స్ 1912 నాటికి దేశాన్ని రెండుసార్లు చుట్టి, ఏడుసార్లు అడ్డంగానో నిలువుగానో దాటారు. ఫొటోలు తీసి, పత్రికలకు రాసి లోపలి ఆస్ట్రేలియాను నగరవాసులకు చూపించారు. 1914లో టెడ్ రైకో అడిలైడ్ నుంచి డార్విన్‌కు 28 రోజుల 7 గంటల్లో చేరారు. 1937లో హ్యూబర్ట్ ఆపర్‌మన్ ఫ్రీమాంటిల్ నుంచి సిడ్నీకి 13 రోజుల 10 గంటల 11 నిమిషాల్లో దూసుకెళ్లారు. ఆయన వెంట సహాయ బృందం ఉంది కనుక దాన్ని ఒంటరి యాత్రగా లెక్కించరు. కానీ సుదూర సైక్లింగుకు దేశమంతటా పేరు తెచ్చింది మాత్రం అదే.

2005లో జాకుబ్ పోస్ట్రిగాచ్ అనే పోలిష్ యాత్రికుడు ఇసుక దిబ్బల మీదుగా సాగే పాత పశువుల బాట కానింగ్ స్టాక్ రూట్‌ను సహాయ వాహనం లేకుండా, దారిలో ముందుగా ఆహారం దాచుకోకుండా 33 రోజుల్లో దాటారు. లావు టైర్ల సైకిల్, వెనక ఒంటి చక్రపు బండి ఆయన వాహనం. పూణెకు చెందిన వేదాంగి కులకర్ణి 2018లో తన భూప్రదక్షిణ సైకిల్ యాత్రను పెర్త్‌లోనే మొదలుపెట్టారు. సహాయ వాహనం లేకుండా ఆస్ట్రేలియాను దాటి, ఇరవై ఏళ్ల వయసులో 159 రోజుల్లో ఆ ప్రదక్షిణను ముగించారు.

ప్రధాన మార్గాలు

ఐర్ హైవే: పడమట నార్స్‌మన్ నుంచి తూర్పున పోర్ట్ అగస్టా దాకా సుమారు 1,660 కి.మీ. 1976 నాటికి మొత్తం తారు పడింది. కొత్తగా అవుట్‌బ్యాక్‌లో అడుగుపెట్టేవారిలో చాలామంది ఎంచుకునే దారి ఇదే. సున్నపురాతి పీఠభూమి అయిన నల్లార్‌బర్ విస్తీర్ణం దాదాపు రెండు లక్షల చదరపు కి.మీ. పడిన వాన పడినట్టే రాతిలోకి ఇంకిపోతుంది. నేల మీద వాగు, చెరువు కనిపించవు. పెట్రోలు బంకు, భోజనశాల, బస గదులు ఒకేచోట ఉండే రోడ్‌హౌస్‌లే మజిలీలు. బల్లడోనియా నుంచి కైగూనా రోడ్‌హౌస్‌కు 182 కి.మీ. అందులో 146.6 కి.మీ. చిన్న మలుపు కూడా లేని తిన్నటి రోడ్డు.

స్టువర్ట్ హైవే: పోర్ట్ అగస్టా నుంచి డార్విన్ దాకా 2,700 కి.మీ. పైచిలుకు. 1861-62లో ఖండాన్ని నిలువునా దాటివచ్చిన జాన్ మెక్‌డూవల్ స్టువర్ట్ పేరు పెట్టారు. గ్లెండాంబో, కూబర్ పీడీల మధ్య సుమారు 250 కి.మీ. దూరంలో అంగడి గానీ రోడ్‌హౌస్ గానీ లేదు.

ఊడ్నడాటా ట్రాక్: మర్రీ నుంచి మార్లా దాకా సుమారు 620 కి.మీ. మట్టి రోడ్డు. భూగర్భ జలం ఊటలుగా పైకి తన్నుకొచ్చే చోట్లను కలుపుతూ సాగుతుంది. ఆదివాసుల వ్యాపార బాట, స్టువర్ట్ నడిచిన దారి, తంతి లైను, 1980లో మూతపడిన పాత ఘాన్ రైలుమార్గం అన్నీ ఈ ఊటల వరసనే పట్టుకుపోయాయి.

గ్రేట్ సెంట్రల్ రోడ్: పశ్చిమ ఆస్ట్రేలియాలోని లావర్టన్ నుంచి ఉలూరు సమీపంలోని యులారా దాకా 1,100 కి.మీ. పైగా. ఎర్ర ఇసుక, కంకర కలిసిన దారి. ఇది కాక 517 కి.మీ. బర్డ్స్‌విల్ ట్రాక్, వాయవ్యాన కింబర్లీ ప్రాంతంలోని 660 కి.మీ. గిబ్ రివర్ రోడ్ కూడా యాత్రికులకు బాగా తెలిసినవే.

కానింగ్ స్టాక్ రూట్: హాల్స్ క్రీక్, విలూనాల మధ్య సుమారు 1,850 కి.మీ. పశువుల మందలను తోలేందుకు ఆల్‌ఫ్రెడ్ కానింగ్ 1906లో సర్వే చేసి, 1908-10 మధ్య బావులు తవ్వించిన బాట. వందలాది ఇసుక దిబ్బలను దాటాలి. మామూలు టైర్లు ఇసుకలో కూరుకుపోతాయి కాబట్టి నాలుగంగుళాల వెడల్పు టైర్లు తప్పనిసరి.

నీరు

చలికాలంలోనైనా రోజంతా తొక్కే మనిషికి తాగడానికి, వంటకు కలిపి ఆరేడు లీటర్ల నీళ్లు కావాలి. ఎండ ముదిరితే పది లీటర్లు కూడా చాలవు. లీటరు నీళ్లంటే కిలో బరువు. బల్లడోనియా నుంచి కైగూనాకు రెండు రోజులు పడుతుందనుకుంటే, ఎదురుగాలికి మరో పూట కలుపుకుని పదిహేను లీటర్లు ఎక్కించుకోవాలి. ఆ పదిహేను కిలోలూ వేగాన్ని తగ్గిస్తాయి, వేగం తగ్గేకొద్దీ ఇంకొన్ని నీళ్లు అవసరమవుతాయి. ఈ ముడిని విప్పుకోవడమే అవుట్‌బ్యాక్ యాత్రలో అసలు విద్య. సీసాల్లో కొంత, మడతపెట్టగలిగే నీళ్ల సంచుల్లో కొంత నింపుతారు. ఒకటి చిరిగినా రెండోది మిగలాలి కనుక మొత్తం నీటిని ఒకే సంచిలో ఎప్పుడూ పోయరు.

రోడ్డు పక్క విశ్రాంతి స్థలాల్లో కొన్నిచోట్ల వాన నీటి ట్యాంకులు ఉంటాయి. అవి నిండుగా ఉన్నాయో లేదో ముందు మజిలీలోనే అడిగి తెలుసుకోవాలి. దాదాపు 17 లక్షల చదరపు కి.మీ. మేర భూమి కింద విస్తరించిన గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ నుంచి బోర్ల ద్వారా నీరు వస్తుంది. బర్డ్స్‌విల్ బోరులో నీరు 98 డిగ్రీల వేడితో పైకి వస్తుంది. కొన్ని బోర్ల నీరు ఉప్పగా ఉండి పశువులకే పనికొస్తుంది. చెమటతో ఉప్పు పోయినప్పుడు ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఉప్పు, లవణాల పొడి వెంట ఉంచుకుంటారు.

ఈ నీటి జ్ఞానం ముందు నుంచీ ఆదివాసులది. కనీసం 50 వేల ఏళ్లుగా ఆ నేల మీద బతుకుతున్నవారికి ప్రతి ఊటా, రాతి గుంటా తెలుసు. 1841లో అన్వేషకుడు ఎడ్వర్డ్ జాన్ ఐర్ నల్లార్‌బర్ తీరం వెంట నడిచినప్పుడు ఇసుక దిబ్బల్లో ఎక్కడ తవ్వితే నీరు పడుతుందో చూపించింది ఆదివాసులే. చివరి వరకు ఆయనకు తోడు నిలిచిన వైలీ కూడా ఆదివాసి యువకుడే. కానింగ్ బృందం మాత్రం నీటి జాడ చెప్పించుకోవడానికి ఆదివాసులను గొలుసులతో కట్టి తిప్పింది. దానిపై 1908లో రాయల్ కమిషన్ విచారణ జరిగింది. ఈ రోజు ఆ బావుల దగ్గర నీళ్లు తోడుకునే ప్రతి యాత్రికుడూ తెలుసుకోవలసిన చరిత్ర ఇది.

సైకిల్, సామాను

ఎక్కువమంది ఉక్కు ఫ్రేము సైకిల్‌నే నమ్ముతారు. అది కుదుపులను ఓర్చుకుంటుంది, విరిగితే పశుక్షేత్రంలోని వర్క్‌షాపులో వెల్డింగ్ చేయించుకోవచ్చు. తారు రోడ్డుకు రెండంగుళాల లోపు టైర్లు చాలు. మట్టి రోడ్డుకు అంతకంటే వెడల్పు కావాలి. వెనక చక్రం మీద బరువు ఎక్కువ కనుక స్పోకులు విరిగేది అక్కడే. అదనపు స్పోకులు, చైను లింకులు, బ్రేకు తీగ, టైరు, ట్యూబులు, పంక్చర్ అతుకులు మోసుకెళ్లాలి. సామానును ముందూ వెనకా క్యారియర్లకు తగిలించే నాలుగు సంచుల్లో సర్దుతారు. ముందు చక్రపు ఇరుసులోనే డైనమో అమర్చుకుని ఫోను, దీపం చార్జింగు చేసుకునేవారూ ఉన్నారు.

మన పొలం గట్ల మీద కాలికి గుచ్చుకునే పల్లేరుకాయ అక్కడి రోడ్ల అంచున కూడా విరివిగా పెరుగుతుంది. ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. గుడారం వేయడానికి సైకిల్‌ను రోడ్డు దించి పదడుగులు నడిపిస్తే చాలు, టైరు నిండా ముళ్లు దిగుతాయి. తొందరపడి పీకితే అక్కడికక్కడే గాలి పోతుంది. అనుభవజ్ఞులు సైకిల్‌ను ఎత్తుకుని మోసుకెళ్లి శుభ్రమైన నేల మీద పెడతారు. టైరు లోపల రంధ్రాన్ని తనంతట తానే పూడ్చే ద్రవం పోసుకోవడం ఈమధ్య మామూలైంది.

రోడ్డు మీది కష్టాలు

మట్టి రోడ్లలో అన్నిటికంటే విసిగించేది వరస మడతల ఉపరితలం. వదులు మట్టి మీద చక్రాలు ఒక వేగం మించి దొర్లినప్పుడు చిన్న గతుకు దగ్గర చక్రం ఎగిరి పడి, తర్వాతి మడతను తయారుచేస్తుంది. వాహనాలు పోయేకొద్దీ అవి పెరుగుతాయి. సిమెంటు రేకుల కప్పు మీద సైకిల్ తొక్కినట్టు ఒళ్లు, సామాను, నట్లు అన్నీ అదురుతాయి. టైరులో గాలి తగ్గించడం, రోడ్డు అంచున మెత్తటి పట్టీ వెతుక్కోవడం, సాయంత్రం ప్రతి మరనూ బిగించుకోవడం తప్ప మార్గం లేదు. తారు మీద రోజుకు వంద కి.మీ. తొక్కేవారు ఇక్కడ యాభై దాటితే గొప్ప.

తారు రోడ్ల మీద భయం రోడ్ ట్రెయిన్లది. ఒక లారీ ఇంజను వెనక మూడు ట్రెయిలర్లు తగిలించిన ఈ వాహనాల పొడవు 53.5 మీటర్ల దాకా ఉంటుంది. అవి తొందరగా ఆగలేవు, పక్కకు తిరగలేవు. అద్దంలో వెనక్కి చూసుకుంటూ, ఎదురెదురుగా రెండు వాహనాలు తన దగ్గరే దాటబోతున్నాయని తోస్తే రోడ్డు దిగి నిలబడటం యాత్రికుల నియమం. కంగారూలు సంధ్యవేళల్లో రోడ్డు మీదికి వస్తాయి కనుక చీకటిపడ్డాక తొక్కడం మంచిది కాదు. పగలంతా ఈగలు కళ్లలో, ముక్కులో దూరుతుంటాయి. ముఖానికి వల తొడుక్కోవాలి. హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి.

ఆహారం, బస

రోజంతా తొక్కే శరీరం 4,000 నుంచి 6,000 కిలోక్యాలరీల దాకా ఖర్చు చేస్తుంది. ఓట్స్, బియ్యం, పప్పులు, పాస్తా, వేరుసెనగ వెన్న, ఎండు పండ్లు, పాలపొడి ముఖ్యమైన సరుకులు. అంగళ్లు దూరం కాబట్టి ముందున్న రోడ్‌హౌస్‌కు, తపాలా కార్యాలయానికి తమ పేరుతోనే పార్సిళ్లు పంపుకునే పద్ధతి ఉంది. రాష్ట్రాల మధ్య పంటతెగుళ్లు పాకకుండా తనిఖీలు ఉంటాయి. ఐర్ హైవే మీద పశ్చిమానికి వెళ్లేవారు బోర్డర్ విలేజ్ దగ్గర, తూర్పుకు వెళ్లేవారు సెడూనా దగ్గర పండ్లు, కూరగాయలు వదిలేయాలి. ఈ సంగతి తెలియక తిండి పోగొట్టుకునేవారు ఉన్నారు.

రాత్రికి రోడ్డు నుంచి కనిపించనంత దూరంలో గుడారం వేస్తారు. ఎండిన వాగు ఇసుక మెత్తగా ఉన్నా అందులో పడుకోకూడదు. ఎక్కడో పడిన వానకు అర్ధరాత్రి వరద రావచ్చు. పశువులు నీళ్లు తాగే తొట్టెల పక్కన బస చేస్తే అవి బెదిరి నీటికి రావు, కనుక అదీ తగదు.

అత్యవసర పరిస్థితి

సెల్‌ఫోను సంకేతం ఊళ్లకు, రోడ్‌హౌస్‌లకు కాస్త దూరంలోనే ఆగిపోతుంది. అందుకే 406 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యం మీద ఉపగ్రహానికి సంకేతం పంపే చిన్న అత్యవసర పరికరాన్ని ప్రతి ఒంటరి యాత్రికుడూ వెంట ఉంచుకోవాలి. మీట నొక్కితే కాన్‌బెరాలోని సహాయ సమన్వయ కేంద్రానికి కబురు చేరుతుంది. లారీ డ్రైవర్లతో మాట్లాడేందుకు కొందరు రేడియో పెట్టుకుంటారు, హైవేల మీద 40వ చానల్ వాడుకలో ఉంది. 1928లో జాన్ ఫ్లిన్ కృషితో క్లాంకరీలో మొదలైన రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ విమానాలు మారుమూలకు వైద్యం చేరుస్తాయి. ఐర్ హైవే మీద కొన్నిచోట్ల రోడ్డునే రన్‌వేగా వాడుకునేలా గీతలు గీశారు.

1963 డిసెంబరులో బర్డ్స్‌విల్ ట్రాక్ మీద కారులో పెట్రోలు అయిపోయిన ఒక కుటుంబం నీటి కోసం నడిచి వెళ్లి, ఐదుగురూ ప్రాణాలు కోల్పోయారు. వాహనాన్ని వదలకూడదన్న నియమాన్ని అవుట్‌బ్యాక్‌లో అందరూ పాఠంగా చెబుతారు. సైకిలిస్టుకూ అదే వర్తిస్తుంది. నీళ్లు తగ్గితే ఎండవేళ కదలకుండా రోడ్డు పక్కనే నీడ చేసుకుని, వచ్చే వాహనాన్ని ఆపాలి. ఏ రోజుకు ఎక్కడికి చేరతామో ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచాలి.

పందెం తరహా యాత్రల్లో ప్రమాదం మరింత ఎక్కువ. 2017లో ఫ్రీమాంటిల్ నుంచి సిడ్నీకి దాదాపు 5,500 కి.మీ. సహాయం లేని పందెం జరుగుతుండగా, ప్రసిద్ధ బ్రిటిష్ సైక్లిస్టు మైక్ హాల్ మార్చి 31న కాన్‌బెరా సమీపంలో వాహనం ఢీకొని మరణించారు. పందెం అక్కడితో ఆపేశారు.

అనుమతులు, మర్యాదలు

అవుట్‌బ్యాక్‌లో చాలా భూమి ఆదివాసుల యాజమాన్యంలో ఉంది. గ్రేట్ సెంట్రల్ రోడ్ వంటి దారుల్లో వెళ్లేందుకు ఆయా భూ మండళ్ల నుంచి ముందే అనుమతి తీసుకోవాలి. చాలా ఆదివాసీ గ్రామాల్లో మద్యం నిషిద్ధం. పవిత్ర స్థలాల దగ్గర ఫొటోలు తీయకూడదు. అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజల కోరిక మేరకు ఉలూరు శిల ఎక్కడాన్ని 2019 అక్టోబరు 26 నుంచి నిలిపివేశారు.

ఒంటరితనం, తోడు

రోజంతా ఒకే రకం నేల, ఒకే తిన్నటి రోడ్డు. తోడు లేనివారికి నిర్ణయాల బరువు కూడా ఒక్కరిదే: ముందుకెళ్లాలా, ఆగాలా, నీళ్లు సరిపోతాయా. అలసట, ఎండ కలిస్తే ఈ వివేచన మసకబారుతుంది. అందుకే మధ్యాహ్నం నీడలో ఆగి లెక్క చూసుకోవడాన్ని నియమంగా పెట్టుకుంటారు. అయితే సొంత నీళ్లు, సొంత తిండి మోసినా ఎవరూ పూర్తిగా ఒంటరిగా దాటరు. కారవాన్లలో తిరిగే విశ్రాంత ఉద్యోగులు ఆగి చల్లటి నీళ్లు, పండు ఇస్తారు. ముందు బోరు పనిచేస్తోందో లేదో లారీ డ్రైవర్లు చెబుతారు.

నేటి స్థితి

తారు రోడ్లు ఏటేటా పొడవవుతున్నాయి, ఉపగ్రహ పరికరాలు చవకయ్యాయి. మరోవైపు 1910 నుంచి ఆస్ట్రేలియా సగటు ఉష్ణోగ్రత సుమారు 1.5 డిగ్రీలు పెరిగింది. తీవ్రమైన ఎండ రోజులు ఎక్కువవుతున్నందున సెప్టెంబరు, అక్టోబరుల్లో దాటడం మునుపటంత సులువు కాదు. రిచర్డ్‌సన్ నాటికీ నేటికీ సైకిల్ మారింది, రోడ్డు మారింది. మనిషి శరీరం కోరే నీటి కొలత మాత్రం మారలేదు. ఆ కొలతను గౌరవించి, దాన్ని ముందుగా తెలుసుకున్నవారి హక్కులను గౌరవించి బయలుదేరినవారికే ఈ యాత్ర క్షేమకరం.